గొట్టానికి ఊపిరి

వాన పడుతున్నప్పుడు గోడ వెంట దిగే గొట్టం కనబడితే దేవ్లా ఆగేవాడు. కుడిచేతి మధ్యవేలు మడిచి, ఛాతీ ఎత్తులో ఒకసారి, మోకాలి ఎత్తులో ఒకసారి కొట్టేవాడు. తర్వాత చెవి ఆనించేవాడు. బస్టాండులో కొట్టాడు. దవాఖానాలో కొట్టాడు. బావమరిది పెళ్లిలో, అందరూ భోజనాలకు కూర్చున్నాక, వంటశాల వెనక గోడ దగ్గర తడుస్తూ నిలబడి కొట్టాడు. లోపల నీళ్లు ఎంతమేర ఉన్నాయో, ఆకు ఎక్కడ చిక్కుకుందో ఆ రెండు దెబ్బలతో చెప్పగలిగేవాడు.

"పెండ్లికి వచ్చినోళ్లు పిల్లను చూస్తరు. ఈయన గొట్టాన్ని చూస్తడు," అని అతని భార్య సక్రి చుట్టాలతో అనేది.

గుగులోతు దేవ్లాది మణుగూరు దగ్గర అడవి అంచున ముప్పై ఇళ్ల తండా. చిన్నప్పుడు తండ్రి వెదురు చీల్చి, చూరు కింద వాలుగా కట్టి, వాన నీళ్లను కుండలోకి దింపేవాడు. దేవ్లా చూసిన మొదటి గట్టరు అది. గనుల కోసం క్వార్టర్లు కడుతున్న రోజుల్లో పద్దెనిమిదేళ్లకు కూలిగా చేరాడు. ఇటుకలు మోశాడు. తర్వాత గొట్టాలు మోశాడు. ఆ తర్వాత గొట్టాలు బిగించాడు. ఇరవై రెండేళ్లు అదే పని. చదువు లేదు. సంతకం ఒకటి నేర్చుకున్నాడు.

పాత పద్ధతిలో వాన గొట్టం ఎప్పుడూ నిండదు. కప్పు మీది నీళ్లు గట్టరులోకి జారతాయి, గట్టరులోంచి గొట్టంలోకి. గొట్టం గోడను పట్టుకొని చుట్టూ దిగుతాయి. నడుమ గాలి ఉంటుంది. మూడింట ఒక వంతు నీళ్లు, మిగతాది గాలి. అందుకే లావు గొట్టం కావాలి. అడ్డంగా పోయేచోట వాటం, అంటే కొంచెం వాలు, ఇవ్వాలి, లేకపోతే నీళ్లు నిలబడిపోతాయి. పెద్ద కప్పయితే స్తంభానికొక గొట్టం దింపాలి. ఇన్ని గొట్టాలు, ఇంత లావు, అయినా అది ఓర్పు గల పద్ధతి. ఆకు పడితే మింగుతుంది. వాటం కొంచెం తక్కువైనా ఆలస్యంగానైనా దించుతుంది. దేవ్లా ఇదంతా ఎవరి దగ్గరా చదువుకోలేదు. కొట్టి, విని తెలుసుకున్నాడు.

తనదని చెప్పుకోదగ్గ పని అతనికి ఒకటుండేది. కిరసనాయిలు డబ్బాకు ఒకే కన్నం పెడితే నూనె గుటకలు గుటకలుగా వస్తుంది. ఎదురుగా ఇంకో కన్నం పెడితే ధార కడుతుంది. ఇది ప్రతి ఇంట్లో ఎరిగినదే. దేవ్లా దాన్ని వాన గొట్టానికి తెచ్చాడు. గొట్టం వంగే చోట, పైభాగాన, చిటికెన వేలు దూరేంత కన్నం పెట్టేవాడు. "నీళ్లకు ఊపిరి ఇయ్యాలె," అనేవాడు. క్వార్టర్లలో వాన రోజున గోడలోంచి వచ్చే గుటకల చప్పుడు దాంతో తగ్గింది. పిల్లలు నిద్రపోతున్నారని తల్లులు చెప్పారు. ఆ తర్వాత కన్నం లేకుండా అతను గొట్టం బిగించలేదు.

2005లో బొగ్గు మీది మట్టి తీసే ఒక ప్రైవేటు కంపెనీ తన యంత్రాల మరమ్మతుకు పెద్ద షెడ్డు కట్టింది. నూట పది మీటర్ల పొడవు. రెండు కప్పులు లోపలికి వాలి నడుమ కలుస్తాయి. కలిసిన చోట పొడుగునా ఒకే గట్టరు. పాత పద్ధతిలో అయితే ఆ నడిమి గట్టరు కింద ప్రతి స్తంభానికీ గొట్టం దింపి, నేల కింద కాలువలు తవ్వాలి. ఆ నేల మీద ఒక్కోటి ఇల్లంత ఉండే డంపర్లు తిరగాలి. నేలను కోయడం కుదరదన్నాడు ఇంజనీరు.

ఇంజనీరు పేరు ప్రేమ్‌సాగర్. ఇరవై ఏడేళ్లు. కాలనీలోనే పుట్టిన గని కార్మికుని కొడుకు. దేవ్లాను నాయక్ అని పిలిచేవాడు. దేవ్లాకు సాయం ఎల్లస్వామి. ముప్పై ఏళ్లవాడు. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చాడు. కొడుకుకు గనిలో ఉద్యోగం దొరకలేదు. ఆరేళ్లుగా దేవ్లా వెంట నిచ్చెన పట్టుకుంటూ పని నేర్చాడు. నోరు ఊరుకునేది కాదు.

ఒకరోజు ప్రేమ్‌సాగర్ ఇద్దరినీ నీళ్ల డ్రమ్ము దగ్గరికి పిలిచాడు. చేతిలో ప్లాస్టిక్ ట్యూబు ఉంది.

"నాయక్, ఎప్పుడన్న డీజిల్ పీకినవా?"

"నేనెందుకు పీకుత సార్. గీ ఎల్లస్వామిని అడుగుండ్రి."

"నన్నెందుకు ఇరికిస్తవ్ అన్నా," అన్నాడు ఎల్లస్వామి. "పీకిన సార్. మా బామ్మర్ది లారీల. సగం నా కడుపులకే పోయింది. రెండు దినాలు బీడీ ముట్టియ్యాల్నంటె భయపడ్డ."

ప్రేమ్‌సాగర్ ట్యూబు నింపి, ఒక కొస డ్రమ్ములో ముంచి, రెండో కొస నేలకు వదిలాడు. నీళ్లు డ్రమ్ము అంచు ఎక్కి, దిగి, ధార కట్టాయి.

"ఇప్పుడు ఎవరు గుంజుతున్నరు?"

ఎల్లస్వామి వంగి ట్యూబు రెండో కొసను చూశాడు.

"కిందికి పడే నీళ్లే మీది నీళ్లను గుంజుతున్నయ్. నడుమ గాలి లేదు గనుక." డ్రమ్ములోని కొసను కొంచెం పైకి ఎత్తాడు. ట్యూబు ఒకసారి గరగరమని ఖాళీ అయింది. "గాలి పోయింది, పని ఆగింది. మన షెడ్డుకు గిదే పెడుతున్నం."

గట్టరు పొడవునా నీళ్లు దిగే పద్నాలుగు మూతులు. ప్రతి మూతి మీద ఒక పళ్లెం. నీళ్లు సుడి తిరిగితే సుడి నడుమ నుంచి గాలి దిగుతుంది. పళ్లెం ఆ సుడిని కట్టనివ్వదు. మూతులన్నిటి నుంచీ సన్న గొట్టాలు కప్పు కింద అడ్డంగా పోయే గొట్టంలో కలుస్తాయి. ఏడు మూతుల నీళ్లు తూర్పు గోడకు, ఏడింటివి పడమటి గోడకు. రెండు గోడల దగ్గర రెండే రెండు గొట్టాలు కిందికి దిగుతాయి. సన్న వానకు ఇదీ పాత గొట్టంలాగే కారుతుంది. పెద్ద వాన పడినప్పుడు గాలి మొత్తం బయటికి పోయి నిండుతుంది. నిండాక అసలు పని మొదలవుతుంది.

"అడ్డం గొట్టానికి వాటం ఎంత సార్?" దేవ్లా అడిగాడు.

"వాటం లేదు."

"సున్నానా?"

"సున్నా."

"మరి నీళ్లకు తొవ్వ ఎట్ల దొరుకుతది?"

"గుంజితే వస్తది నాయక్. లారీల డీజిల్‌కు ఎవరు తొవ్వ చూపిండ్రు?"

దేవ్లాకు అర్థమైంది. ట్యూబు ఎత్తగానే ధార తెగడం కళ్లతో చూశాడు. మట్టం పెట్టి, వెంట్రుకంత వాటం కూడా లేకుండా గొట్టం బిగించాడు. అంత నేర్పుగా ఇంకెవరూ బిగించలేరని ప్రేమ్‌సాగర్ అన్నాడు. గట్టరు శుభ్రం ఎల్లస్వామికి అప్పగించారు. కంచె అవతలే టేకు చెట్లు. టేకాకు ఒకటి వచ్చి పళ్లెం మీద పరుచుకుంటే ఆ మూతి మూసుకుపోయినట్టే. పాత గొట్టం మింగినట్టు ఈ గొట్టం మింగదు. రోజూ పొద్దున పద్నాలుగు మూతులూ చూడాలి. తీసిన ఆకును కప్పు మీదే పారేస్తే వాన దాన్ని మళ్లీ తెస్తుంది కాబట్టి చొక్కా లోపల దోపుకొని కిందికి దించాలని దేవ్లా నేర్పాడు. ఎల్లస్వామి ఉబ్బిన చొక్కాతో నిచ్చెన దిగి, కడుపు నిమురుకుంటూ, "ఏడో నెల అన్నా," అనేవాడు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. పావుగంట గొట్టం మామూలుగా కారింది. తర్వాత ఒక్కసారిగా నిండింది. షెడ్డంతా మోత. గొట్టం వణికింది. దాన్ని వేలాడదీసిన ఇనుప కడ్డీలు వణికాయి. పనివాళ్లు బోల్టులు తిప్పే పానాలు కింద పడేసి బయటికి పరుగెత్తారు. ప్రేమ్‌సాగర్ మాత్రం గొట్టం కిందే నిలబడి నవ్వుతున్నాడు.

"పని చేస్తుంది నాయక్. చూడు, గట్టర్ల చుక్క నిలబడుతలేదు."

దేవ్లా గట్టరును చూడలేదు. తాను బిగించిన గొట్టాన్ని చూశాడు. ఇరవై రెండేళ్లలో ఏ గొట్టమూ అట్లా అరవలేదు.

ప్రేమ్‌సాగర్ వేరే సైటు పని మీద పది రోజులు వెళ్లాడు. ఆ పది రోజుల్లో రెండు పెద్ద వానలు పడ్డాయి. యంత్రాల వాళ్లు చెవులు మూసుకొని తిట్టారు. దేవ్లా కడ్డీల బోల్టులు చూశాడు. రెండు వదులయ్యాయి. ఇంకో వానకు గొట్టం తెగి మనుషుల మీద పడుతుందనుకున్నాడు. అడగడానికి ఇంజనీరు లేడు. ఆదివారం షెడ్డులో ఎవరూ లేనప్పుడు క్రేను నడిచే ఇనుప దూలం ఎక్కి, రెండు కొసల్లో గొట్టం కిందికి వంగే చోట, పైభాగాన, మూడేసి కన్నాలు పెట్టాడు. చెయ్యి తనంతట తానే చేసిన పని అని తర్వాత అనుకున్నాడు. అది నిజం కాదు. దూలం ఎక్కేటప్పుడు డ్రమ్ము దగ్గర తెగిన ధార గుర్తుకొచ్చింది. అది చిన్న ట్యూబు, ఇంత పెద్ద గొట్టానికి చిటికెన వేలంత కన్నాలు ఏం చేస్తాయి అనుకున్నాడు.

తర్వాతి వానకు మోత లేదు. ఎల్లస్వామి పైకి చూసి, "గొట్టానికి దగ్గుమందు ఎవరు పోసిండ్రు అన్నా?" అన్నాడు.

అందరూ నవ్వారు. దేవ్లా కూడా నవ్వాడు.

ప్రేమ్‌సాగర్ తిరిగి వచ్చాక దేవ్లా అతనికి బోల్టులు బిగించానని చెప్పాడు. కన్నాల మాట ఆ పూట చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ ఏడు మిగిలిన వానలు చిన్నవి. చిన్న వానకు పాత గొట్టమైనా కొత్త గొట్టమైనా ఒకటే. చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక దాటింది. దుమ్ముగూడెం వైపు రోడ్లు మునిగాయి. మణుగూరులో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఆకాశం విరిగిపడ్డట్టు వాన మొదలైంది. ఎల్లస్వామి పొద్దున్నే గట్టరు చూసి, రెండింటికి డ్యూటీ దిగి ఇంటికి పోయాడు. మూడున్నరకు గట్టరు అంచు దాటింది. షెడ్డు నడుమ నీళ్లు తెరలా పడ్డాయి. విడదీసి పెట్టిన రెండు ఇంజన్లు, కరెంటు పెట్టె, కొత్త బేరింగుల డబ్బాలు తడిసిపోయాయి.

దేవ్లా నిచ్చెన ఎక్కాడు. గట్టరు కాలువలా నిండి ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టి ఒక్కొక్క పళ్లెమే తడిమాడు. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోది శుభ్రంగా ఉంది. అట్లా పద్నాలుగూ తడిమాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నీళ్ల మీద నాలుగు టేకాకులు తేలుతుంటే అలవాటుగా తీసి చొక్కాలో దోపుకున్నాడు. పద్నాలుగో మూతి దగ్గర అలాగే కాసేపు కూర్చున్నాడు. కింద గొట్టంలో మోత లేదు. ఇంత వానలో మోత లేదు.

దిగి, లోపల దూలం ఎక్కాడు. కన్నాల దగ్గర సన్నని ఈల వినబడింది. గొట్టం గాలి తాగుతోంది. నడుముకు కట్టుకున్న రబ్బరు ట్యూబు పీలిక విప్పి, రెండుగా చింపి, సగం కన్నాల మీద చుట్టాడు. గొట్టమే దాన్ని లోపలికి లాక్కుంది. క్షణంలో మోత మొదలైంది. దూలం వెంట నడిచి రెండో కొసకు పోయి మిగిలిన సగం అక్కడ చుట్టాడు. పది నిమిషాలకు గట్టరు దిగిపోయింది.

కిందికి వచ్చేసరికి ప్రేమ్‌సాగర్, పక్కన కంపెనీ మేనేజరు నిలబడి ఉన్నారు. నీ కొత్త పద్ధతి వద్దని ఆనాడే చెప్పానని మేనేజరు ప్రేమ్‌సాగర్‌తో అంటున్నాడు. ప్రేమ్‌సాగర్ ముఖం తెల్లబోయి ఉంది. దేవ్లా తడిసిన చొక్కా గుండీల మధ్య నుంచి టేకాకు కొస బయటికి కనబడింది.

"ఆకులా నాయక్? ఆకులు అడ్డం పడ్డయా?"

ఆ అడగడంలో ఆశ ఉంది.

"అవ్ సార్," అన్నాడు దేవ్లా.

ఒక్క మాట. దానికి ముందు అతను ఆలోచించలేదు. తర్వాత ఆలోచించడానికి మూడేళ్లు దొరికాయి.

వారం రోజుల్లో కాగితం తయారైంది. గట్టరు శుభ్రం చేయడంలో నిర్లక్ష్యం అని రాశారు. ఎల్లస్వామి గేటు పాసు తీసుకున్నారు. అతని పేరు గేటు దగ్గర అంటించారు. ఒక గేటు దగ్గర అంటించిన పేరును ఆ చుట్టుపక్కల ఏ గేటూ లోపలికి రానివ్వదు.

ఎల్లస్వామి తండాకు వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"పొద్దుగాల పద్నాలుగు చూసిన అన్నా. నేనెట్ల చూస్తనో నీకు తెల్వదా? నువ్వే నేర్పితివి గదా."

"వాన పెద్దది తమ్మీ," అన్నాడు దేవ్లా.

అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాట వెతుక్కొని అన్నాడు. ఎల్లస్వామి ఇంకో మాట కోసం చూసి వెళ్లిపోయాడు. నెల తిరగకముందే క్వార్టరు ఖాళీ చేసి, భార్య బతుకమ్మ పుట్టిల్లు తల్లాడ దగ్గర ఉంటే అక్కడికి వెళ్లారు. మిరప తోటల్లో కూలికి పోతున్నారని ఎవరో చెప్పారు.

ఆ వాన రోజు చొక్కా ఉతికింది సక్రి. నాలుగు ఆకులు తీసి రాయి మీద పెట్టింది.

"గిన్నేనా? గీ నాలుగు ఆకులకే అంత షెడ్డు మునిగిందా?" అని తండా మాటలో అడిగింది.

అతను తువ్వాలు భుజాన వేసుకొని బయటికి పోయాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆకులు రెండు రోజులు రాయి మీదే ఎండి గాలికి పోయాయి.

దేవ్లా ఒక ఆదివారం కన్నాలను పద్ధతిగా అతికించాడు. గట్టరు చూసే పని కూడా తనే తీసుకున్నాడు. పెద్ద వాన వచ్చినప్పుడల్లా గొట్టం అరిచేది. కొత్తగా చేరినవాళ్లు భయపడితే, "భయం లేదు, పని చేస్తుంది," అని చెప్పేవాడు. షెడ్డు మళ్లీ మునగలేదు. ఇప్పుడు శుభ్రం బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు. పాత గొట్టాలతో ఇరవై రెండేళ్లలో అతను ఎన్నో తప్పులు చేశాడు. అవన్నీ గొట్టం లోపలే ఏదో ఒక విధంగా సర్దుకున్నాయి. ఒక మనిషి మీద పడిన తప్పు ఇదొక్కటే.

2009లో కంపెనీ రెండో షెడ్డు మొదలుపెట్టింది. మనుషులను తీసుకుంటున్నారు. ఎల్లస్వామి తల్లాడ నుంచి వచ్చి బావమరిది క్వార్టరులో దిగాడు. గేటు దగ్గర పేరు చూసి తిప్పి పంపించారు. సాయంత్రం తండాకు వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. జుట్టు ముందు వైపు నెరిసింది.

సక్రి జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది.

"వదినా, తల్లాడల అన్నం తిని తిని నా పండ్లు పని మర్చిపోయినయ్," అన్నాడు.

"తిను మరిది. పండ్లున్నయ్ గదా ఇంక."

రెండు రొట్టెలు తిన్నాడు. తర్వాత దేవ్లా వైపు తిరిగాడు.

"అన్నా, ప్రేమ్‌సాగర్ సారు నీ మాట తీసెయ్యడు. ఒక్క మాట చెప్పు. ఈసారి మంచిగ చూస్తడు, మరిచిపోడు అని చెప్పు."

"నువ్వు మరిచిపోయినవని ఎవరన్నరు?"

ఎల్లస్వామి చేతిలో మిగిలిన రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టాడు.

"అప్పుడు నేనే అనలే. పద్నాలుగు చూసిన అనే చెప్పిన. నిజంగనే చూసిన అనుకున్న. పోయినంక రోజూ పండుకొని గట్టర్ల నడుస్తున్న అన్నా. ఒకటో మూతి, రెండోది, మూడోది. ఏ మూతి కాడ ఏమున్నదో అంత గుర్తున్నది. మూడో దాని కాడ ఒక పిట్ట ఈక. తొమ్మిదో దాని పళ్లెం గీసుకపోయి ఉండె. పదమూడు గుర్తున్నయ్. పద్నాలుగోది గుర్తులేదు. ఎన్నిసార్లు నడిచినా దొరుకుతలేదు. దాన్నే మరిచిపోయి ఉంట. రెండు ఇంజన్లు గంగల కలిపిన. బతుకమ్మ అంటది, పోనియ్యి, అయిపోయింది గదా అంటది. ఎట్ల పోనిస్త?"

సక్రి పొయ్యి దగ్గర నుంచి దేవ్లాను చూస్తోంది.

"చెప్త," అన్నాడు దేవ్లా. "రేపు సారుకు చెప్త."

"గంతే చాలు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగాడు. దేవ్లా అతని భుజాలు పట్టి ఆపాడు. ఎల్లస్వామి నవ్వుతూ, చెప్పులు వేసుకొని, ఆఖరి ఆటో దొరుకుతుందో లేదో అంటూ వెళ్లాడు.

సక్రి పళ్లేలు తీసింది. ఎల్లస్వామి వదిలిన రొట్టె ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుంది.

"రేపు సారుకు ఏం చెప్తవ్?"

"తీసుకొమ్మని చెప్త."

"మంచిగ చూస్తడు, మరిచిపోడు అని చెప్తవా?"

అతను చెంబు అందుకొని చేతులు కడుక్కున్నాడు.

"పని ఇప్పిస్తవ్. మళ్ల ఆ గట్టర్లకే ఎక్కిస్తవ్. దినాం పద్నాలుగో మూతి కాడ కూసొని ఏడుస్తడు. నువ్వు కింద నిలబడి చూస్తవ్." ఆమె గొంతు పెంచలేదు. "నాలుగు ఆకులు నేను చూసిన. ఇన్నేండ్లు నువ్వే చెప్తవని ఊకున్న. నాది గూడ తప్పే."

మర్నాడు పొద్దున దేవ్లా డ్యూటీ చొక్కా వేసుకోలేదు. కాలనీకి నడిచాడు. మూడు మైళ్లు. ఎల్లస్వామి క్వార్టర్ల వెనక నల్లా దగ్గర వేపపుల్ల నములుతూ బిందె నింపుతున్నాడు. దేవ్లాను చూసి పుల్ల తీసి, "గింత జల్దీనా అన్నా? చాయ్ తాగుదువు రా," అన్నాడు.

దేవ్లా నిలబడ్డ చోటనే చెప్పాడు. కన్నాలు, ఆదివారం, ఈల, రబ్బరు పీలిక. ఆకులు అడ్డం పడ్డాయా అని సారు అడగడం, తను అవ్ అనడం. వరసగా, ఏదీ వదలకుండా చెప్పాడు. బిందె నిండి పొర్లింది. ఇద్దరిలో ఎవరూ నల్లా కట్టేయలేదు.

"పద్నాలుగోది?" ఎల్లస్వామి అడిగాడు.

"మంచిగ ఉండె. నా చెయ్యితోని చూసిన. పద్నాలుగు మంచిగనే ఉండె."

ఎల్లస్వామి నల్లా గద్దె మీద కూర్చున్నాడు. వేపపుల్లను రెండుగా విరిచాడు. మళ్లీ విరిచాడు. బావమరిది భార్య తలుపులోంచి నీళ్లు పోతున్నాయని కేక వేసింది.

"నడుమ మా నాయిన సచ్చిపోయినప్పుడు గూడ నేను గీ కాలనీల తలెత్తి నడువలే," అన్నాడు. "కొడుకు నిర్లక్ష్యం చేసిండనుకుంటనే పోయిండు ఆయన."

"తమ్మీ."

"పో దేవ్లా. ఎవరికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు. నాకు చెప్తె ఏమొస్తది."

పదేళ్లలో అతను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

దేవ్లా అక్కడి నుంచి కంపెనీ టైం ఆఫీసుకు వెళ్లాడు. గుమస్తా అప్పుడే తాళం తీశాడు. కాగితం మీద రాయమన్నాడు దేవ్లా. ఏం రాయాలని గుమస్తా అడిగితే, ఎల్లస్వామి తప్పు లేదని, కన్నాలు పెట్టింది తనని, ఆకులని అబద్ధం చెప్పింది తనని రాయమన్నాడు. మూడేళ్ల కింది ముచ్చట ఇప్పుడెందుకు, ఉన్న పని పోగొట్టుకుంటవా అన్నాడు గుమస్తా. దేవ్లా రాయమన్నాడు. రాశాక చదివి వినిపించమన్నాడు. ఒకసారి విని, ఎల్లస్వామి పేరు ఎన్ని చోట్ల ఉందో వేలితో చూపించమన్నాడు. గుమస్తా మూడు చోట్ల చూపించాడు. దేవ్లా మూడింటినీ చూసి, కింద సంతకం పెట్టి, మెడలో వేసుకున్న గేటు పాసు తీసి కాగితం పక్కన పెట్టి, ప్రేమ్‌సాగర్ గది ముందుకు పోయి నిలబడ్డాడు.